పిలిచింది పాటకు, వెళ్లింది గరిటెతో

పీఠాధిపతి ఎదుట, నిండు గుడిలో, పండుగ పూజ మొదలయ్యే క్షణాన నేను పడ్డ అవస్థ పగవాడికి కూడా వద్దు. అయినా చెబుతాను. పరువు పోయిన కథలు నాకు బోలెడున్నా, మీసం మెలేసి చెప్పుకోదగ్గది ఇదొక్కటే.

నా పేరు జోజప్ప. వరంగల్ పక్క పల్లె నుంచి సూరత్ వచ్చి, కతర్‌గామ్‌లో మరమగ్గాల మీద పనిచేస్తున్నాను. ఆ మోతలో బతికి బతికి నా చెవులు ఒకరకం స్వాతంత్ర్యం సంపాదించుకున్నాయి. తమకు నచ్చిందే వింటాయి. ఆదివారం చర్చికి, అదే మా గుడికి, పూజకు వెళితే చివరి బెంచీ మాది. మా గుడిలో తెలుగువాళ్లం మేమొక్క కుటుంబమే కాబట్టి ఏ పనికీ ఎవరూ మమ్మల్ని పిలిచేవారు కాదు. పైకి అననుగానీ, లోపల కొంచెం చిన్నతనంగానే ఉండేది.

ఆరేడేళ్ల కిందట ఒక ఆదివారం ఫాదర్ ప్రసంగంలో అన్నారు: "దేవుని పిలుపు గురువులకూ సిస్టర్లకూ మాత్రమే రాదు. మగ్గం నడిపేవాడికీ వస్తుంది. వచ్చినప్పుడు నాకు చేతనవుతుందా అని ఆలోచిస్తూ కూర్చోకండి. నమ్మి లేవండి!"

మగ్గం అన్న మాటకు నా ఒళ్లు ఝల్లుమంది. పూజ చివర ఆయనే ప్రకటన చేశారు. వచ్చే నెల గుడి పండుగకు పీఠాధిపతి, అంటే బిషప్ గారు, వస్తున్నారట, మాస్టారేమో ఊరు మారిపోయారట. "గానా ఎవరు చూసుకుంటారు?" అని హిందీలో అడిగారు. గానా అంటే పాట. సరిగ్గా అప్పుడే మైకు గరగరలాడింది. నా చెవులు తమ స్వాతంత్ర్యం చూపించాయి. నాకు వినబడింది ఖానా, అంటే భోజనం. మాస్టారంటే వంట మాస్టారు కాబోలనుకున్నాను.

వంటంటే నాకు లెక్కా! మా మగ్గాల షెడ్డులో ఏ పండుగైనా బగారా అన్నం, మటన్ కూర నావే. స్ప్రింగు ఊడిన బొమ్మలా లేచాను.

"మై హూఁ, ఫాదర్!"

గుడంతా వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టింది. నా భార్య లూర్దమ్మ ఆ సమయంలో ఏడుస్తున్న పిల్లను ఎత్తుకుని బయట ఉంది. లేకపోతే ఈ కథే లేదు.

మరుసటి వారం ఫాదర్ నన్ను ఆపారు.

"జోజప్పా, సాధన చేస్తున్నావా?"

"సాధన ఏంది ఫాదర్! మొన్న దసరాకు షెడ్డు షెడ్డంతటికి చేసిన. అందరు ఖుష్."

"భేష్! మరి పీఠాధిపతి ముందు... మెల్లగా మొదలుపెట్టు."

"గంతే ఫాదర్. ముందు సన్న మంట, ఆఖర్ల జర జోరు."

అదేదో తెలుగు సంగీతంలోని మాట అనుకున్నారట పాపం. నా భుజం తట్టి వెళ్లిపోయారు.

పండుగ రోజు తెల్లారకముందే ఇంటి దగ్గర పొయ్యిలు వెలిగించాను. నా మగ్గం పక్క మగ్గం రాజన్న హిందువే అయినా, "మీ దేవుని పండుగైతే నా దోస్తు పండుగ కాదా?" అంటూ వచ్చి కట్టెలు ఎగదోశాడు. అన్నం, కూర డేగిసాలు టెంపోలో ఎక్కించి, పూజ వేళకు గుడి వాకిట్లో దింపాం. మసాలా వాసన సాంబ్రాణి కంటే ముందే బలిపీఠం చేరుకుంది.

గంట మోగింది. అందరూ లేచారు. పీఠాధిపతి వాకిట నిలబడ్డారు. ఫాదర్ నా వైపు చూసి, "మొదలుపెట్టు" అన్నారు.

గుమ్మం లోపల, చివరి బెంచీ పక్కన నిలబడ్డ నేను గరిటె పట్టుకునే అడిగాను: "ఇప్పుడేనా ఫాదర్? పూజ గాకముందే తింటరా?"

ఫాదర్ ముఖం పాలిపోయింది. గబగబా నా దగ్గరికొచ్చి, "ఖానా కాదయ్యా, గానా! పాట!" అన్నారు.

వెనక బెంచీల్లో నవ్వు పుట్టి ముందు వరుసల దాకా పాకింది. వాకిట్లోని టెంపో కిందికి దూరిపోదామా అని చూశాను. అప్పుడు లూర్దమ్మ నా చేతిలోని గరిటె లాక్కుంది.

"పాడు."

"నాకు రాదే! నా గొంతు నీకు తెల్వదా?"

"తెలుసు. అందుకే కండ్లు మూసుకొని పాడు. అందరి ముంగట లేశినోనివి, గిప్పుడు ఉరుకుతవా?"

నాకు వచ్చింది ఒక్కటే. చిన్నప్పుడు జపమాల అయ్యాక మా అమ్మ పాడే తెలుగు పాట. ప్రభువా, నీదే భారం అనుకుని ఎత్తుకున్నాను. మగ్గాల మోతను మించి అరవడానికి అలవాటుపడ్డ గొంతు నాది. కిటికీ రెక్కలు అదిరాయి. మాటలు ఎవరికీ అర్థం కాలేదు. కానీ ప్రతి చరణం చివరా 'అల్లెలూయా' ఉంది. దానికి ఏ భాషైతేనేం? మొదట లూర్దమ్మ అందుకుంది, తర్వాత గుజరాతీ ముసలమ్మలు, మలయాళీ నర్సులు, చివరికి వాకిట్లోంచి రాజన్న కూడా. గుడంతా ఒక్క గొంతై లేచింది. పాట పూర్తిగా వినాలని పీఠాధిపతి కావాలనే బలిపీఠం వైపు మెల్లగా నడిచారు. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మా అమ్మ పాట సూరత్‌లో ఇంతమంది నోట!

ఆ రోజు గుడివాళ్లు ఏర్పాటు చేసింది టీ, బిస్కెట్లే కాబట్టి నా డేగిసాలూ దేవుడి దయవల్ల అడుగంటా ఖాళీ అయ్యాయి. తిని చెయ్యి కడుక్కున్నాక పీఠాధిపతి నన్ను పిలిచి, రెండు చేతులూ పట్టుకున్నారు.

"నాయనా, అంత మంచి ప్రవేశగీతం నేను విని చాలాకాలమైంది. ప్రతి వారం నువ్వే పాడించు." కాస్త ఆగి, గొంతు తగ్గించి అన్నారు: "కూరలో మాత్రం ఉప్పు తక్కువైంది."

నా వంటలో ఉప్పు తక్కువ! పూజలో తీసుకునే సత్ప్రసాదం కోసం ఉపవాసమున్నానని నేను రుచి చూడలేదు. ఏదో మొక్కుతో రాజన్న ఆ నెలంతా మాంసం ముట్టలేదు.

అప్పటినుంచీ మా గుడిలో పాటలు పాడించేది నేనే. సకల పునీతుల సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: దేవుడు పిలిస్తే సగమే వినబడినా సరే, లేచి నిలబడతాను. కానీ ఉప్పు చూడకుండా కూర మాత్రం ఈ జన్మలో దించను. ఆమెన్.