మేడం దిగుమన్నది

"దిగుమన్నది మేడమే. ముత్యం పక్కనే ఉండి ఇన్నడు."

"దిగుమంటే డ్యూటీ దిగుమని. బాయిల దిగుమని కాదు. ఆరేండ్ల సంది చెప్తున్న, నీ చెవులల్ల బొగ్గు పడ్డదా?"

"చెవులు మంచిగనే ఉన్నయి. పోయినయి ఊపిరితిత్తులు."

"నోరు సుత పోతే ఇంట్ల అందరం పండుకుందుము."

నా నెట్ సెంటర్‌కూ యమున మేడం ఇంటికీ మధ్య ఒక్క ఇటుక గోడ ఉంటుంది. చెవులు మూసుకుంటే తప్ప వినకుండా ఉండలేను. పోట్లాడుకుంటున్నది సదయ్య కాక, ఆయన భార్య లస్మవ్వ. మేడం గేటు ముందు నిలబడి, ఆమె ఇంకా బయటికి రాకముందే మొదలుపెట్టారు. వాళ్ల చిన్న కొడుకు అంజి బండి హ్యాండిల్ పట్టుకుని, ఇద్దరిలో ఎవరి పక్క నిలబడాలో తెలియక రోడ్డు మధ్యలో ఉన్నాడు.

బొగ్గుబాయి తెలియనివాళ్లకు ఈ పోట్లాట అర్థం కాదు. మా గోదావరిఖనిలో షిఫ్టుకు పోతే డ్యూటీ ఎక్కాడంటారు, షిఫ్టు ముగిస్తే డ్యూటీ దిగాడంటారు. గనిని బాయి అంటారు. బాయి లోపలికి పోవడం కూడా దిగడమే. అంటే ఇక్కడ 'దిగు' అని ఒక్క మాట అంటే పనిలోకి పొమ్మనీ అవుతుంది, పని మానేసి రమ్మనీ అవుతుంది. ఎక్కడ, ఎప్పుడు, ఎవరితో అన్నారన్నదాన్ని బట్టి మాకు తెలిసిపోతుంది. ఒక్కసారి మాత్రం తెలియలేదు.

యమున మేడం బాయి కార్మికుడి కూతురే. వరంగల్‌లో ఫిజిక్స్ ఎమ్మెస్సీ చేసింది. వచ్చిన ఉద్యోగాలు దూరం, దగ్గరున్నవి రాలేదు. భర్తకు శ్రీరాంపూర్‌లో డ్యూటీ, సెలవు రోజున వచ్చి పోతుంటాడు. పిల్లలు లేరు. ఇంటి ముందు గదిలో బల్లలు వేసి ఇంటర్ పిల్లలకు ఎంసెట్, నీట్ చెబుతుంది. పిల్లల్ని హైదరాబాద్ హాస్టళ్లకు తోలలేని వాళ్లంతా ఆమె దగ్గరికే పంపుతారు. ఫలితాలు వచ్చాక పిల్లల్ని తీసుకుని నా దగ్గరికి వస్తుంది. ఏ కాలేజీ పైన పెట్టాలో, ఏది కింద పెట్టాలో ఆమె చెప్పేది, నేను కంప్యూటర్‌లో కొట్టేవాణ్ణి. నేను ఇంజనీరింగ్ సగంలో వదిలేసి వచ్చినవాణ్ణి. కాలేజీలు ఎంత గొప్పవో నాకు నమ్మకం లేదు. ఆమె చెబుతుంటే మాత్రం నమ్మాలనిపించేది.

ఆమె పాఠానికి ఒక పద్ధతి ఉంది. ప్రశ్న చదవగానే జవాబు చెప్పనివ్వదు. ప్రశ్నను సొంత మాటల్లో తిప్పి చెప్పాలి. అడిగింది వేగమా, వేగంలో మార్పా, కిందికా, పైకా అన్నీ తేల్చాకే లెక్క. "మేడం ఇంట్ల మంచినీళ్లు కావాల్నన్నా మూడుసార్లు తిప్పి చెప్పాలె" అని పిల్లలు నవ్వుకుంటారు. ఈ పద్ధతి మొదటినుంచీ లేదు. వేణుమాధవ్ పోయాక వచ్చింది.

వేణు సదయ్య కాక పెద్ద కొడుకు. ఆ గదిలో అంత బాగా చదివినవాడు మళ్లీ కూర్చోలేదు. సదయ్య కాక బాయిలో పని చేసి చేసి ఊపిరి చెడి, మెడికల్ అన్‌ఫిట్ అయ్యాడు. ఆ నౌకరీ వేణుకు వచ్చింది. ఇల్లు గడవాలి కాబట్టి చేరాడు. చేరి కూడా ఎంసెట్ రాశాడు, ర్యాంకు తెచ్చుకున్నాడు. తెల్లారితే కరీంనగర్‌లో సర్టిఫికెట్ల వెరిఫికేషన్ ఉందనగా ఫస్ట్ షిఫ్టు చేసి పైకొచ్చాడు. అప్పుడు సెకండ్ షిఫ్టులో మనుషులు తక్కువున్నారు, ఉంటావా అని అడిగారు. బాయి మీది నుంచే మేడంకు ఫోన్ చేశాడు.

"షిఫ్టు అయిపోయింది మేడం. ఇంకో షిఫ్టు ఉంటవా అంటున్నరు. రేపు కరీంనగర్ పోవాలె. ఎట్ల జెయ్యాలె?"

"దిగు" అంది మేడం.

ఆ మాట ఎట్లా అర్థమైందో వేణుకే తెలుసు. ఫోన్ జేబులో పెట్టుకుంటూ పక్కనున్న తోటి కార్మికుడు ముత్యంతో "మేడం దిగుమన్నది" అని, మళ్లీ తలదీపం తీసుకుని లోపలికి పోయాడు. ఆ షిఫ్టులో పైకప్పు బండ కూలింది. మూడో దినం నాడు ముత్యం ఆ మాటను అందరి ముందు చెప్పాడు. చెడ్డ మనసుతో చెప్పలేదు. చివరి మాట కదా, ఇంటివాళ్లకు చేరాలని చెప్పాడు.

అప్పటినుంచి కాలనీ రెండయింది. డ్యూటీ దిగి ఇంటికి పొమ్మని మేడం భావమని లస్మవ్వ అంటుంది. బాయిలోకే పొమ్మందని సదయ్య కాక అంటాడు. నేనొకసారి మేడంను మొహం మీదే అడిగాను.

"మీరు ఇంటికి పొమ్మనే కదా అన్నది? అదే గట్టిగ చెప్పొచ్చు కదా."

"నేను ఇంటికి పొమ్మనే అన్న" అంది మేడం. "కని ఒకటి చెప్పు సంపత్. ప్రశ్నల దొంగమాట ఏడున్నా పట్టేటోడు వేణు. వానికి అర్థం కాలేదంటే నువ్వు నమ్ముతవా?"

అర్థమై కూడా పోయాడా? పోవాలని ముందే అనుకుని, ఆమె మాటను తనకు కావలసినట్టు తిప్పుకున్నాడా? అడగవలసినవాడు ఒక్కడే, వాడు లేడు.

ఆమె నోట 'దిగు' అన్న మాట నేను మళ్లీ వినలేదు. పిల్లలు బల్లలెక్కితే "కిందికి రాండ్రి" అంటుంది. ఒకసారి పెద్దపల్లి నుంచి బస్సులో వస్తుంటే బసంత్‌నగర్‌లో బండి చెడిపోయింది. కండక్టర్ "అందరు దిగుర్రి, దిగుర్రి" అని అరిచాడు. అందరూ దిగారు. ఆమె ఒక్కతే ఖాళీ బస్సులో కూర్చుంది. నేను పైకెక్కి "పోదాం రండి" అన్నాక లేచింది. ఫస్ట్ షిఫ్టు వదిలే వేళకు ఫోన్‌ను బియ్యం డబ్బాలో పెట్టి మూత పెడుతుంది. ఎప్పుడైనా అది లోపల మోగుతుంది. బియ్యంలోంచి ఆ చప్పుడు వస్తుంటే పిల్లలు పుస్తకాల్లోంచి తలెత్తరు. కాసేపటికి ఊరి పక్క ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరుగుతుంది. కిటికీలు అదురుతాయి, పైరేకుల మీది దుమ్ము బల్లల మీద రాలుతుంది. అందరి బల్లలూ పిల్లలే తుడుచుకుంటారు. కిటికీ పక్క బల్లను మేడం తుడుస్తుంది. అక్కడ ఎవరూ కూర్చోరు. కూర్చోవద్దని ఎవరూ చెప్పలేదు. దీప అని కొత్తగా వచ్చిన పిల్ల తెలియక కూర్చుంటే మేడం ఏమీ అనలేదు, ఆ రోజంతా అటు చూడకుండా పాఠం చెప్పింది. మర్నాడు దీప తనంతట తానే జరిగింది.

కాలేజీల సంగతిలో కూడా అంతే. ఏ కాలేజీలో ఏముందో, ఏమి లేదో అంతా చెబుతుంది. "అయితే ఫస్ట్ ఏది పెట్టాలె మేడం?" అని అడిగితే "మీ ఇష్టం" అంటుంది. ఆరేళ్లుగా ఎవరికీ ఇది చెయ్యి అని చెప్పలేదు.

ఇప్పుడు అంజి వంతు వచ్చింది. వేణు పోయినప్పుడు అంజి చిన్నవాడు. పద్దెనిమిది నిండాక అన్న నౌకరీ తమ్ముడికిస్తామని కంపెనీవాళ్లు పేరు రాసి పెట్టుకున్నారు. మొన్ననే నిండాయి. అదే వారం అంజికి వరంగల్‌లో ఇంజనీరింగ్ సీటు వచ్చింది. రేపు సాయంత్రంలోగా ఆన్‌లైన్‌లో ఒప్పుకోకపోతే సీటు పోతుంది. నౌకరీ కాగితాలు కూడా రేపే ఇవ్వాలని కాక పట్టు పట్టాడు.

మేడం చేతిలో సుద్దముక్కతో గేటు దగ్గరికి వచ్చింది. నేను కూడా దుకాణం మెట్ల మీదికి వచ్చాను.

"పెద్దోనికి మీరే చెప్పిండ్రు" అన్నాడు కాక. "చిన్నోనికి సుత మీరే చెప్పాలె. మీరేదంటే గదే."

"గట్ల అనకు సదయ్య కాక."

"ఎట్ల అనాలె మరి? వాని పానం పెట్టి సంపాయించిన నౌకరి అది. ఇడిసిపెడితే వేణుగాడు ఉత్తగ సచ్చినట్టే కదా మేడం. తమ్ముడన్న చేస్తే, అన్న ఏదో చేసి పోయిండని ఉంటది."

"నేను ఇద్దర్ని కన్నది బాయి కోసం కాదు" అంది లస్మవ్వ. "నువ్వు చెప్పు బిడ్డా. నీ మాట మీద నాకు ఎన్నడు అనుమానం లేదు."

సదయ్య కాక నింద కన్నా ఆ నమ్మకమే మేడంకు బరువుగా తగిలింది. సుద్దముక్కను గేటు మీద పెట్టి గొళ్లెం తీసింది.

"అంజీ, ఇటు రా. బండి స్టాండేసి రా."

వాడు వచ్చాడు.

"ఎక్కు అంటే డ్యూటీ ఎక్కుమన్నట్టు అయితది. దాని ఎదురు మాట నేననను. అందుకని పూర్తిగ చెప్త, ఇను. నువ్వు బాయిల నౌకరి చెయ్యొద్దు. వరంగల్ కాలేజీల సీటు తీసుకో. పోయి చేరు, చదువుకో. నేనేం చెప్పిన?"

కాక తల తిప్పుకుని దగ్గాడు. ఆ దగ్గు ఆగేదాకా అంజి ఆగాడు.

"బాయిల నౌకరి చెయ్యొద్దన్నరు. వరంగల్ కాలేజీల సీటు తీసుకోమన్నరు. చేరి చదువుకోమన్నరు."

"ఇంకోసారి."

"బాయి వద్దన్నరు. వరంగల్ పొమ్మన్నరు."

"ఇంకోసారి."

వాడు తండ్రి వైపు చూశాడు. సిగ్గుపడ్డాడు.

"పొమ్మన్నరు మేడం."

మేడం పెదవులు ఆ మాటను చప్పుడు లేకుండా ఒకసారి అనుకున్నాయి.

"ఇగ ఇంట్ల తేల్చుకుంటం" అన్నాడు కాక. "రేపు పొద్దుమీకి దాకా టైమున్నది కదా." ముందు ఆయన, వెనక లస్మవ్వ నడిచారు. అంజి బండి స్టార్ట్ చేయకుండా తోసుకుంటూ వాళ్ల వెంట పోతున్నాడు. మూల మీద చాయ్ హోటల్ ఉంది. షిఫ్టు లేని రోజుల్లో ముత్యం అక్కడే కూర్చుంటాడు. ఇవాళ కూడా ఉన్నాడు, ఇటే చూస్తున్నాడు. మేడం ఏమన్నది రా అని అడగకుండా వాళ్లను పోనివ్వడు.

మేడం కూడా అటే చూస్తోంది. అంజి వీపు మీద నుంచి చూపు తీయకుండానే నాతో అంది.

"సంపత్, నీ దుకాణం జర మూసి అంజి వెంట పో. నువ్వేం మాట్లాడకు. మేడం ఏమన్నదని ఎవలన్న అడిగితే వాడు ఏమని చెప్తడో ఇను. ఇంటి దాక ఇను. ఒక్క మాట సుత మార్చకుంట వచ్చి నాకు చెప్పు."