వాన పడితే మూసే వీధి

ఆ వీధిలో గొడుగులు బాగుచేసే కొట్లు పద్నాలుగు. ఎండ కాసినన్నాళ్ళూ తెరిచి ఉంటాయి, వాన మొదలవగానే మూతపడతాయి. కొత్తవాళ్ళకి ఇది తలకిందుల వ్యవహారంగా కనిపిస్తుంది. గొడుగు విరిగేదే వానలో, అప్పుడే కొట్టు కట్టేస్తే ఎలా అనుకుంటారు. కానీ వానలో గొడుగు తిరగబడిన మనిషి వీధిలోకి వెతుక్కుంటూ రాడు. ఎక్కడ తిరగబడిందో అక్కడే నిలబడి గాలిని తిట్టుకుంటాడు. గాలి బాగా కొట్టేది మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర. అందుకని తొలి చినుకు రేకు మీద టప్పుమనగానే పద్నాలుగు షట్టర్లూ దిగుతాయి, పద్నాలుగు రేకు పెట్టెలూ చంకనెక్కుతాయి, మెట్ల కింద వరసగా పద్నాలుగు పీటలు పడతాయి. మెట్రో రాకముందు ఇదే పని బస్‌స్టాపు దగ్గర జరిగేది. "వానొస్తే వీధికి సెలవు" అని అక్కడి ముసలివాళ్ళ మాట.

ఆ పద్నాలుగు మందిలో ఒకామెని అందరూ ఎర్రదారం అని పిలుస్తారు. అసలు పేరు రేషన్ కార్డు మీద ఉంది, వాడకంలో లేదు.

పందొమ్మిదో ఏట ఆ ఇంటి కోడలిగా వచ్చినప్పుడు మామగారు పని నేర్పాడు. గుడ్డని ఊచ కొసకి నల్లదారంతోనే కుట్టాలి, కుట్టు కంటికి ఆనకూడదు, కనపడని పనే మంచి పని అనేవాడు. ఒకరోజు నల్లదారం అయిపోయింది. మామగారు బయటికి వెళ్ళాడు, గొడుగు తెచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆమె చేతికందిన ఎర్రదారంతో ఎనిమిది కొసలూ కుట్టి ఇచ్చి పంపబోతుంటే మామగారు వచ్చి గొడుగు తెరిచి చూశాడు. "ఇది గొడుగా, తట్టు పోసిన మొహమా" అన్నాడు. ఆమె ఆ రాత్రి అన్నం తినలేదు. మరుసటి ఏడు ఆ మనిషే మళ్ళీ వచ్చి, గుడ్డ చిరిగింది గానీ ఎర్రకుట్లు ఒక్కటీ ఊడలేదు, వేసినావిడ ఉందా అని అడిగాడు. సాయంత్రం మామగారు అరడజను ఎర్రదారం ఉండలు కొనుక్కొచ్చి ఆమె పెట్టెలో పడేశాడు. పొగడటం ఆయనకి చేతకాదు.

ఇప్పుడామెకి నలభై ఏడేళ్ళు. సూది నొక్కీ నొక్కీ కుడి బొటనవేలి గోరు మధ్యకి చీలిపోయింది. మాట తక్కువ, కోపం ఎక్కువ. కోపం వచ్చినా అరవదు. పక్కనే కత్తెర ఉన్నా దారాన్ని పళ్ళతో తెంపుతుంది. ఆ టక్కుమనే చప్పుడు వినబడితే ఆమె తోడికోడలు తన పీట కాస్త అవతలికి జరుపుకుంటుంది.

ఈ మూడేళ్ళుగా ఆ చప్పుడు ఎక్కువైంది. కారణం స్టేషన్.

స్తంభాల కోసమని వీధి మొదట్లో నాలుగేళ్ళు రోడ్డు తవ్వి పెట్టారు. ఆ దుమ్మంతా కొట్లలో తెరిచిపెట్టిన గొడుగుల మీదే పడింది. ఓర్చుకున్నారు. బస్‌స్టాపు తీసేశారు. దాని పేరు గొడుగుల వీధి. కండక్టరు రోజుకి యాభైసార్లు ఆ పేరు అరిచేవాడు. స్టేషన్ వస్తే దానికీ అదే పేరు ఉంటుందని అందరూ అనుకున్నారు. ఎవరైనా అడిగి తెలుసుకున్నారా అంటే లేదు. వీధి గుమ్మంలో కడుతున్న స్టేషన్‌కి వీధి పేరు కాక ఇంకేం పెడతారు అనుకున్నారు. తీరా బోర్డు మీది గుడ్డ లాగితే, టవర్స్ అని ఉంది. టవర్స్ అంటే రోడ్డు దాటి పది నిమిషాలు నడిస్తే వచ్చే ముప్పై అంతస్తుల అపార్టుమెంట్లు. అక్కడివాళ్ళు కార్లలో తిరుగుతారు. మెట్రో ఎక్కేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టాలి.

ఆ పేరు వల్ల వీధికి జరిగింది చిన్న దెబ్బ కాదు. పాత గిరాకీలు దిగే చోటు తెలియక ముందు స్టేషన్లోనో తర్వాతి స్టేషన్లోనో దిగి, ఎవరిని అడిగినా తెలియదనే మాట విని వెనక్కి పోయారు. ఒక పెద్దావిడ అయితే విరిగిన గొడుగు చేత్తో పట్టుకుని టవర్స్ గేటుదాకా నడిచి, అక్కడి కాపలా మనిషిని అడిగిందట. ఆ కాపలా మనిషి ఎవరో కాదు, ఎర్రదారం మొగుడు.

బేరాలు తగ్గాక అతను సూది వదిలేసి టవర్స్‌లో నీలం చొక్కా తొడుక్కున్నాడు. పెద్దావిడ సంగతి ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు.

"దారి చెప్పాను, నడవలేనని ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. వీధి స్టేషన్ పక్కనే ఉందంటే నమ్మదే."

"నీకు నవ్వెలా వచ్చింది?"

"ఏడవమంటావా? స్టేషన్‌కి ఏ పేరైతే ఏం, రైలు ఆగుతోంది కదా. ఒకటో తారీఖు నుంచి నువ్వూ వచ్చెయ్. సూపర్‌వైజర్‌తో మాట్లాడేశాను. మెట్లు తుడవడం, అంతే. లిఫ్టులున్నాయి కాబట్టి ఆ మెట్లు ఎవడూ తొక్కడు."

"ఎవడూ తొక్కని మెట్లు నేనెందుకు తుడవాలి?"

చివరికి ఒక మాట మీద నిలబడ్డారు. స్టేషన్ పేరు మార్చమని వీధివాళ్ళు పెట్టిన అర్జీ మీద ఈ నెలలోనే విచారణ ఉంది. అర్జీ నెగ్గితే కొట్టు ఉంటుంది. అర్జీ కొట్టేస్తే కొట్టు తాళంచెవి ఇచ్చేసి ఆమె చీపురు పట్టుకోవాలి. ఆమె సరేనంది. గెలుస్తామన్న ధీమాతోనే అంది.

మెట్రో ఆఫీసువాళ్ళకి ఒక నిబంధన ఉంది. స్టేషన్‌కి ఒక వీధి పేరు పెట్టాలంటే, ఆ పేరు ఏ పని వల్ల వచ్చిందో ఆ పని వీధిలో ఇంకా సాగుతుండాలి. సాగుతోందో లేదో సర్వేయర్ వచ్చి చూసి రాస్తాడు. అది విని వీధి వీధంతా నవ్వుకుంది. పద్నాలుగు కొట్లున్న చోట చూడటానికేముంది.

విచారణ రోజున పొద్దుటి నుంచీ వాన. పదమూడు మందీ మెట్ల కిందికి చేరారు. అర్జీ కోసం వానరోజు బేరం వదులుకోవడానికి ఎవరికీ కాళ్ళు రాలేదు. "నువ్వెళ్ళక్కా, నీకు కోపముంది. మాకు అది కూడా లేదు" అంది తోడికోడలు, ఆమె పీట తన పక్కకి లాక్కుంటూ. ఎర్రదారం తన రేకు పెట్టెతోనే ఆఫీసుకి వెళ్ళింది.

మూడో అంతస్తులో పొడవాటి గది. ఏసీ చలికి తడిసిన చీర వీపుకి అంటుకుంది. గుమ్మం పక్కన ప్లాస్టిక్ బకెట్‌లో అందరి గొడుగులూ నిలబెట్టి ఉన్నాయి. బల్ల వెనక ఆఫీసరమ్మ, ఆమెకి ఒకవైపు సర్వేయర్, రెండోవైపు టవర్స్ సంఘం కార్యదర్శి. ఎర్రదారానికి కుర్చీ చూపించారు గానీ, చీర నుంచి నీళ్ళు కారుతున్నాయని ఆమె కూర్చోలేదు.

ముందు కార్యదర్శి మాట్లాడాడు. మర్యాదగానే మాట్లాడాడు. "వాళ్ళంటే మాకేం కోపం లేదు మేడం. కానీ గొడుగు పాడైతే ఈ రోజుల్లో కొత్తది కొంటారు, బాగుచేయించేదెవరు? లేని వ్యాపారం పేరు బోర్డు మీద పెడితే ఊరికి నవ్వులాట."

తర్వాత సర్వేయర్ రిపోర్టు చదివాడు. సన్నటి మనిషి, కళ్ళజోడు తుడుచుకుంటూ చదివాడు. "పదకొండో తారీఖు మధ్యాహ్నం మూడు గంటలకు సదరు వీధిని తనిఖీ చేయడమైనది. పద్నాలుగు కొట్లూ మూసి ఉన్నవి. పనిచేయు మనుషులు ఒక్కరూ కనిపించలేదు. గొడుగుల మరమ్మతు వృత్తి ప్రస్తుతం ఈ వీధిలో లేదు."

"పదకొండో తారీఖున వాన" అంది ఎర్రదారం.

"నిజమేనమ్మా. కావాలనే వానరోజు చూసుకుని వెళ్ళాను" అన్నాడు సర్వేయర్. "ఎండలో వెళ్ళి బేరాల్లేవని రాస్తే మీకు అన్యాయం చేసినట్టవుతుంది. గొడుగుల కొట్లు వానలో కూడా తెరవకపోతే ఇంకెప్పుడు తెరుస్తారు?"

ఆమె చెప్పింది. వానొస్తే వీధికి సెలవని, అందరూ మెట్ల కింద ఉంటారని, అది తాతల నాటి పద్ధతని చెప్పింది. కార్యదర్శి కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వాపుకున్నాడు. ఆఫీసరమ్మ చివరిదాకా విని, "నువ్వు చెప్పేది అబద్ధమని అనను. కానీ నోటిమాట మీద నేను ఫైలు నడపలేను. రిపోర్టులో మనిషి జాడే లేదు కదా" అంది.

మనిషి జాడ లేదు. ఇరవై ఎనిమిదేళ్ళు సూది పట్టిన మనిషి ఎదురుగా నీళ్ళోడుతూ నిలబడి ఉంటే, జాడ లేదు. ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. మొహం తిప్పుకుంది. తిప్పుకున్న వైపే బకెట్ ఉంది.

అందులో బూడిద రంగు గొడుగొకటి. రెండు కొసల దగ్గర ఎర్రగా దారం.

ఎర్రదారానికి మనుషుల మొహాలు గుర్తుండవు. మెట్ల దగ్గర కూర్చున్నవాళ్ళకి పైనున్నవాళ్ళ మొహాలు కనపడవు కూడా. గొడుగులు మాత్రం ఆమె మరిచిపోదు. వెళ్ళి ఆ గొడుగుని బకెట్‌లోంచి తీసింది.

"ఇదెవరిది?"

"నాదే" అన్నాడు సర్వేయర్. "ఎందుకమ్మా?"

"ఎక్కడ బాగుచేయించారు?"

"మెట్రో మెట్ల దగ్గర. ఎవరో ఒకావిడ…" అని ఆగిపోయాడు.

"పదకొండో తారీఖు, రెండున్నర దాటాక" అందామె. గొంతు పెంచలేదు. "రెండు కొసలు ఊడాయి, ఒక ఊచ వంగింది. త్వరగా కానివ్వమ్మా, తనిఖీకి వెళ్ళాలి అన్నారు. మీకు తొందరని నా ముందున్న ముసలాయన్ని ఆగమన్నాను. నేను కుట్టిన గొడుగు వేసుకుని నా వీధిలోకి వెళ్ళారు. ఆ గొడుగు కిందే నిలబడి, గొడుగులు కుట్టేవాళ్ళు లేరని రాశారు."

సర్వేయర్ కళ్ళజోడు తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. "నేను… వీధిలో చూడమన్నారు, వీధిలోనే చూశాను."

ఆమె గొడుగు తెరిచింది. గది మధ్యలో అది విచ్చుకుని నీళ్ళు కార్యదర్శి కాగితాల మీద చిట్లాయి. ఒక కొస నోటి దగ్గరికి తీసుకుని ఎర్రదారాన్ని పళ్ళతో తెంపింది. టక్కుమంది. గొడుగు తిప్పి రెండో కొస తెంపింది. గుడ్డ రెండుచోట్ల వేలాడింది, ఊచలు బయటికి పొడుచుకొచ్చాయి. అలాగే తీసుకెళ్ళి బల్ల మీద రిపోర్టు పక్కన పెట్టింది.

"ఇప్పుడు మీ రిపోర్టు నిజమైంది సార్. కుట్టేవాళ్ళు లేరు, కుట్టూ లేదు."

కార్యదర్శి కాగితాలు దులుపుకుంటూ, "ఇదేం పద్ధతి మేడం, ఆఫీసులో" అన్నాడు.

ఆఫీసరమ్మ ఆయన వైపు చూడలేదు. తెగిన దారప్పోగుని వేలితో జరిపి చూసి, రిపోర్టుకి అడ్డంగా గీత కొట్టింది. "మళ్ళీ తనిఖీ చెయ్యండి. వీధిలో కాదు, మెట్ల దగ్గర. వాన ఆగకముందే వెళ్ళండి" అని సర్వేయర్‌తో చెప్పి, ఎర్రదారం వైపు తిరిగింది. "పేరు మారుస్తానని నేను మాటివ్వడం లేదు. మిగతా ఆఫీసర్లు కూడా సంతకం పెట్టాలి. దానికి నెలలు పడుతుంది."

నెలలు. ఒకటో తారీఖు ఇంక ఆరు రోజులుంది. ఎర్రదారం పెట్టె తీసుకుని బయటికొచ్చేసింది. ఎవరికీ దండం పెట్టలేదు.

మూడున్నరకి సర్వేయర్ మెట్ల కిందికి వచ్చాడు. తల నుంచి నీళ్ళు కారుతున్నాయి, గొడుగు చచ్చిన గబ్బిలంలా చేతిలో వేలాడుతోంది. పీటల్ని ఈ చివర నుంచి ఆ చివరికి లెక్కపెట్టి, వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"ఇది కాస్త కుట్టమ్మా."

"ముందు కాగితం."

అతను గోడకి ఆనించి రాశాడు. "చదవండి" అందామె. చదివాడు. పద్నాలుగు మంది మెట్ల కింద పనిచేయుచున్నారు అని ఉంది. "వీళ్ళంతా గొడుగుల వీధివాళ్ళని రాయండి. వానరోజు వీధి ఎందుకు మూస్తారో అది కూడా." రాశాడు. కాగితం తడవకుండా తోడికోడలు ఒక గొడుగు పట్టింది.

"అక్కా, పాపం తడిసిన కోడిలా వణుకుతున్నాడే, ఇంక కుట్టరాదా" అంది.

"వణకనీ. మూడేళ్ళుగా మనం వణకలేదా."

అప్పుడు కుట్టింది. ఎప్పటిలాగే రెండు ముళ్ళు వేసి, ఎర్రదారంతోనే. పనిలో మాత్రం కోపం చూపించలేదు. అతను ఇంకా ఏదో చెప్పబోతే తర్వాతి మనిషిని పిలిచింది.

సాయంత్రం నీలం చొక్కాతో మొగుడు అటుగా వచ్చాడు. టవర్స్‌లో సంగతి అప్పటికే పాకినట్టుంది.

"కార్యదర్శి గారి మీద నీళ్ళు చల్లావట."

"గొడుగు చల్లింది."

"సరే, పేరు మారిందా?"

"మారలేదు. మారదని కూడా అనలేదు."

"అలా అయితే మన మాట? ఒకటో తారీఖు? సూపర్‌వైజర్‌కి నేనేం చెప్పను?"

ఆమె చేతిలో ఒక ముసలాయన గొడుగుంది, మూడు ఊచలు వంగి ఉన్నాయి. కుట్టు చివరికి వచ్చింది. దారాన్ని నోటి దగ్గరికి తీసుకుంది. టక్కుమంది. తోడికోడలు పీట అవతలికి జరిపింది.

"మెట్లు తుడుస్తోందని చెప్పు" అందామె. "ఈ మెట్లు. ఇవి అందరూ తొక్కుతారు."

వానకి గాలి తోడైంది. పైన ఎవరి గొడుగో తిరగబడిన చప్పుడైంది, ఎవరో తిట్టుకున్నారు. ఆమె ముసలాయన గొడుగు మొగుడి చేతిలో పెట్టి పట్టకారు తీసింది.

"పట్టుకో. ఆ ఊచ కాదు, పక్కది."