మామ్మ రెండో పూట

మొన్న మోకాళ్ళ నొప్పికని ఆసుపత్రికి వెళితే, నా కొడుకు వయసున్న డాక్టరు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు కట్టుకుని అయిదుసార్లు లేచి కూర్చోమన్నాడు. బడిలో గుంజీళ్ళ తర్వాత నా చేత ఇలాంటి పని చేయించినవాళ్ళు లేరు. మూడోసారికే ఆయాసంతో పాటు నవ్వూ వచ్చింది. ఎందుకమ్మా నవ్వుతున్నారన్నాడు. మా మామ్మ గుర్తొచ్చింది నాయనా, అన్నాను.

మా నాన్న బిలాస్‌పూర్ లోకో షెడ్‌లో ఫిట్టరు. మామ్మ ఆయన తల్లి. బొబ్బిలి దగ్గర పల్లె నుంచి తాత రైలు డ్రైవరు ఉద్యోగం వెంట వచ్చి, తెలుగుకన్నా గట్టిగా ఛత్తీస్‌గఢీలో బేరమాడడం నేర్చిన మనిషి. తాత పోయాక నీచు మానేసింది, రాత్రి భోజనమూ మానేసింది. ఒంటిపూట అని పేరే గానీ, ఆ పూటా మజ్జిగన్నం, ఊరగాయ బద్ద. సోమవారం, శనివారం, ఏకాదశి అదీ లేదు. మా అమ్మకి అత్తగారి నియమమంటే మహా గౌరవం. పెద్దవాళ్ళకి తేలిగ్గా పెట్టాలని ఆ మజ్జిగన్నాన్ని ఇంకాస్త పల్చన చేసేది. ప్రేమగానే పస్తు పెట్టాం.

రెండేళ్ళకి మామ్మ జబ్బ నా గుప్పిట్లో పట్టేది. పీట మీంచి లేవాలంటే గోడైనా ఉండాలి, నేనైనా ఉండాలి. తర్వాత పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. నన్ను మా అత్త పేరుతో పిలిచింది. వయసు కదా అనుకున్నాం. ఓ రోజు బుధవారీ బజారుకని వెళ్ళి, ముప్ఫై ఏళ్ళు నడిచిన దారి మరచిపోయి, తార్‌బహార్ పేటలో ఎవరి అరుగు మీదో కూర్చుంటే రిక్షావాడు ఇల్లు చేర్చాడు. మర్నాడే నాన్న గేటుకి తాళం తెచ్చాడు. అమ్మ బయటికి వెళితే మామ్మ లోపల. ఊచలు పట్టుకుని రోడ్డు చూస్తూ నిలబడిన ఆవిణ్ణి చూసి నాకు ఏడుపొచ్చింది.

రైల్వే ఆసుపత్రిలో బెంగాలీ డాక్టరమ్మ మతిమరుపు సంగతి తర్వాత విందామంది. ముందు మామ్మ జబ్బ పట్టి చూసి, ఏం తింటుందని అడిగింది. అమ్మ గర్వంగా ఒంటిపూట సంగతి చెప్పింది. డాక్టరమ్మ మండిపడింది. తిండి లేక కండ కరిగిపోయింది, రక్తం లేదు, ఇక బుర్రకి మాత్రం సత్తువ ఎక్కణ్ణుంచి వస్తుందంది. మతి ఎంత తిరిగొస్తుందో చెప్పలేనని, సూదులు రాసి, రెండు పూటలా గుడ్డు, పాలు, పప్పులు పెట్టమంది. రోజూ కుర్చీలోంచి పదిసార్లు లేవాలంది.

మామ్మ గుడ్డూ వద్దంది, రెండో పూటా వద్దంది. మా ఇంట్లో అత్త తిన్నాకే కోడలు తినాలి. రాత్రిపూట మామ్మ తినదు కాబట్టి ఆ పట్టింపు ఉండేది కాదు. అత్తగారికి ఎన్నడూ ఎదురు చెప్పని అమ్మ ఆ రోజు కంచం బోర్లించి కూర్చుంది. "అత్తమ్మా, మీరు తిన్నాకే నాను తింటాను." రెండు రాత్రులు అలాగే పస్తు పడుకుంది. మూడోనాటికి మామ్మ దిగొచ్చింది. "ఓలమ్మ, నీ ఉసురు నాకెందుకే! ఏటుందో ఎట్టు."

గుడ్డు మాత్రం ముట్టలేదు. ఉడికించిన ఉలవలు పెడితే, "ఎడ్లకెట్టేవి నాకెడతన్నావేటే? బండికి గాని కడతావా?" అంది. తిట్టుకుంటూనే గిన్నె ఖాళీ చేసింది. కుర్చీలోంచి లేచినన్నిసార్లు లెక్కపెట్టే డ్యూటీ నాది. మొదట్లో రెండుకే కూలబడేది. కొన్ని నెలలయ్యాక నాకన్నా ముందు తనే అంకె చెబుతూ, ఏడు తర్వాత తొమ్మిది అని నన్ను మోసం చెయ్యడం మొదలెట్టింది. మతి బాగుపడుతోందని ఇంటిల్లిపాదికీ అప్పుడే నమ్మకం కలిగింది.

ఆ చలికాలంలో ఓ బుధవారం సంచీ పట్టుకుని గేటు దగ్గర నిలబడి, "తియ్యరా తాళం" అంది నాన్నతో. నాన్న తీశాడు గానీ మనసొప్పక, సైకిలు నడిపించుకుంటూ దూరంగా వెంట వెళ్ళాడు. ఆయన పక్కన నేను. మామ్మ ఎక్కడా తడబడలేదు. వంకాయలు ఒక్కొక్కటే తిప్పి చూసి ఏరింది. కూరలమ్మే ఆవిణ్ణి, కూతురికి కాన్పయిందా అని అడిగింది. నాన్న మొహం అప్పటికే వెలిగిపోతోంది. ఇంతలో మామ్మ వెనక్కి తిరిగింది.

"ఏటిరా, డ్యూటీ నేదా నీకు? నా ఎనకాల పడ్డావు? రా, సంచీ మొయ్యి."

నిండు బజారులో మా నాన్న వంకాయల సంచీ పట్టుకుని నవ్వుతూ ఏడ్చాడు.

ఆ తర్వాత మామ్మ చాలా ఏళ్ళు బతికింది. చివరిదాకా ఎవరి పేరు పెట్టి వాళ్ళనే తిట్టింది. మేం వయసనుకున్నదాంట్లో సగం ఆకలే. అది తెలిశాక, వయసుని ఊరికే ఆడిపోసుకోవడం మానేశాను.