లచ్చమ్మ పచ్చబొట్టు

తెలంగాణ వచ్చిన మూడో ఏడు, వానాకాలంలో నన్ను మహబూబ్‌నగర్‌లోని ఒక దవాఖానలో ఆడవాళ్ల సర్జికల్ వార్డుకు హెడ్ నర్సుగా వేశారు. ఆపరేషన్‌కు ముందు రోగికి అన్నీ వివరించి, ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర తీసుకోవడం నా బాధ్యత. అందుకోసం బొమ్మల పుస్తకం ఒకటి నేనే తయారు చేసుకున్నాను.

లచ్చమ్మ కూలి మనిషి. ముంజేతి మీద పాత కాలిన మచ్చలో పుండు లేచి మానలేదు. ముక్క తీసి పరీక్షకు పంపితే చర్మ క్యాన్సర్ అని తేలింది. పుండును చుట్టూ మంచి చర్మంతో సహా కోసి, తొడ నుంచి పలుచగా తీసిన చర్మాన్ని అక్కడ అతకాలి. రెండుసార్లు వివరించాను. తలూపింది, వేలిముద్ర మాత్రం వేయలేదు.

మధ్యాహ్నం ఆయా ఎల్లమ్మ పక్క దుప్పటి మారుస్తూ ఆమెతో మాట్లాడుతుంటే విన్నాను.

"సిస్టరమ్మ గంత మంచిగ చెప్తే ఇంటలేవేందక్కా?"

"ఇన్న బిడ్డా. గా పుండు పక్కన మా అమ్మ పొడిపిచ్చిన పచ్చబొట్టున్నది. కోస్తే అది పోతది. సచ్చినంక ఎంట వచ్చేది గదొక్కటే."

"పుండు ముదిరితే చెయ్యే తీసేస్తరు. అప్పుడు పచ్చబొట్టు ఏడుంటది? రెండో చెయ్యి ఖాళీగనే ఉన్నది గద, నయమైనంక దానికి పొడిపిద్దాం. నేనే తోల్కపోత."

లచ్చమ్మ నవ్వింది. సాయంత్రం వేలిముద్ర వేసింది.

నాకు అసూయ కలిగింది. ఆ ఏడే నా భర్త పోయారు. ఇంట్లో నా మాట వినేవాళ్లు లేరు. వార్డులో కూడా నా మాట కాకుండా ఆయా మాట చెల్లింది. మర్నాటి డ్యూటీ చార్టులో ఎల్లమ్మను ఓపీకి మార్చాను. కారణం రాయలేదు.

పొద్దున ట్రాలీ వచ్చింది. లచ్చమ్మ మంచం పట్టె వదలలేదు. "ఎల్లమ్మ ఏది? థియేటర్ దర్వాజ దాక వస్తనన్నది."

నేను వస్తానన్నాను.

"నువ్వు నీ కాయిదాలు సూస్కో సిస్టరమ్మా. నేను ఇంటికి పోత."

తర్వాతి రోగిని పంపమని సర్జన్ కబురు పెట్టారు. అలా ఇంటికి వెళ్లినవాళ్లలో చాలామంది పుండు ముదిరాకే తిరిగొస్తారని నాకు తెలుసు. పది నిమిషాలు గడువడిగి, ఓపీకి నేనే వెళ్లాను. విషయం చెప్తే ఎల్లమ్మ, "పాండి," అంటూ నాకంటే ముందు నడిచింది. ఎందుకు మార్చారని అడగలేదు.

ఆపరేషన్ జరిగింది. కోసిన అంచుల్లో క్యాన్సర్ లేదని రిపోర్టు వచ్చింది.

ఆ తర్వాత ప్రతి రోగినీ, పుస్తకం తెరిచే ముందు, దేనికి భయపడుతున్నావని అడిగాను. వాళ్లు చెప్పిన భయాల్లో సగం ఆ పుస్తకంలో లేవు. నాకు చెప్పనివి ఎల్లమ్మకు చెప్పేవాళ్లు. అసూయ పోయిందని చెప్పలేను. నేను రిటైరయ్యేదాకా ఆమెను ఆ వార్డు నుంచి మళ్లీ మార్చలేదు.