మరియతల్లికి మూడో తరగతి పెట్టె

రైళ్ళలో మూడో తరగతి ఎత్తేసింది ప్రభుత్వమని అందరూ అనుకుంటారు. బెజవాడలో ఆ పని చేసింది నేను. అప్పట్లో క్యారేజీ యార్డులో పెయింటరుగా ఉండేవాణ్ణి. మూడో తరగతి గుర్తుగా రైలు పెట్టె మీద తెల్లగా నిలబడ్డ మూడు గీతల్లో ఒకదాన్ని పెట్టె రంగుతో కప్పేయమని ఆర్డరు వచ్చింది. కప్పేశాను. మూడో తరగతి రెండో తరగతయింది. లోపల చెక్కబల్ల అదే, బల్ల సందుల్లో నల్లులూ అవే. నా సర్వీసులో చేసిన పనులన్నిటిలోకీ అవమానంగా తోచింది అదొక్కటే. ఎందుకంటే ఆ గీతలు గీసిందీ నేనే.

ఆ డిసెంబరులో మా రైల్వే కాలనీ గుడిలో, క్రిస్మస్‌కు కట్టే బాలయేసు పాకకు రైలు చేసే వంతు నాకు వచ్చింది. బెత్లెహేములో రైలేమిటని బయటివాళ్ళు అడిగేవారు. జనాభా లెక్కలకు యోసేపు సొంతూరు వెళ్ళాలి కదా. ప్రయాణమంటే మా కాలనీలో రైలే. గోనెపట్టాకు బంకమట్టి పూసి కొండలు నిలబెట్టి, వడ్లు మొలకెత్తించి పచ్చిక పెంచి, ఈ చివర చిన్న ప్లాట్‌ఫారం కట్టి, అక్కణ్ణుంచి పాక దాకా పట్టాలు వేసేవాళ్ళం.

అంతకు ముందు ఏడాది రైలు గార్డు గారిది. ఆయన రిటైరైన గార్డు, పాక అలంకరణకు పెద్ద. ఆయన పెట్టింది తిరునాళ్ళలో కొన్న రేకు బొమ్మ. దాని ఇంజనుకు ముందేదో వెనకేదో తెలిసేది కాదు. ఆ మాటే అంటే, రంగులేసుకునేవాడికి రైలు సంగతులెందుకన్నారు. గుడి మెట్ల మీద, పదిమంది వింటుండగా అన్నారు. నేను నాలుగో మెట్టు మీద ఉన్నాను.

అందుకని కాలానికి తగ్గ రైలు చేయాలని పట్టుబట్టాను. బందరు లైను మీటరు గేజిగా ఉన్న రోజుల్లో నడిచిన చిన్న బొగ్గింజనును ఎంచుకున్నాను. దాన్ని నడిపిన ముసలి డ్రైవర్ల ఇళ్ళకు వెళ్ళి పొగగొట్టం ఎంత పొడుగో అడిగి రాసుకున్నాను. మామిడిపళ్ళ పెట్టెల చెక్కతో రెండు పెట్టెలు కోశాను. ఆనాటి పద్ధతిలో గది గదికీ వేరే తలుపు పెట్టాను. చక్రాలకు మా ఆవిడ కుట్టుమిషను మీది దారపు రీళ్ళు తీసుకున్నాను. ఆవిడ ఆ పండక్కి జాకెట్టు బయట కుట్టించుకోవలసి వచ్చిందని ఈనాటికీ అంటుంది.

రైలు చూడగానే గార్డు గారు పెదవి విరిచారు.

"ఈ పాత డొక్కెందుకయ్యా? డీజిలింజను పెడితే ఎంత ఠీవిగా ఉండేది."

"ప్రభువు పుట్టిన కాలంలో డీజిలు ఎక్కడిదండీ?" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ఫాదర్ గారు ఇంజను చుట్టూ తిరిగి చూసి, అదీ నిజమే, బొగ్గింజనే ఉండనివ్వండి అన్నారు. గార్డు గారు ఇంజనును వదిలి పెట్టెల మీద పడ్డారు. ముదురు ఎరుపు రంగు సరిపోయిందన్నారు. తలుపులూ సరిపోయాయన్నారు. తర్వాత కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"మూడు గీతలేమిటయ్యా ఇవి? నిండు నెలల మనిషిని, అందులో మరియతల్లిని, మూడో తరగతిలో ఎక్కిస్తావా?"

"సత్రంలోనే చోటివ్వలేదు కదండీ, సెకండు క్లాసులో ఎవరిస్తారు?"

"సర్కారు ఎత్తేసిన తరగతిని నువ్వు మళ్ళీ పెడతావా?"

"ఎత్తేసింది నేనేనండీ. బల్ల మారలేదని నాకు తెలుసు."

ఫాదర్ గారు ఇద్దరికీ సర్దిచెప్పబోయారు. బల్ల మీద మఖమల్ గుడ్డ వేస్తే గౌరవంగా ఉంటుందేమోనన్నారు. మఖమల్ వేస్తే అది ఫస్టు క్లాసవుతుంది, వడ్రంగి టిక్కెట్టుకి ఫస్టు క్లాసులో కూర్చోనివ్వరు అన్నాను. ఆ సంగతి మాత్రం గార్డు గారు ఒప్పుకున్నారు. సర్వీసులో అలాంటివాళ్ళను ఎంతమందిని దింపేశారో చెప్పుకొచ్చారు.

మర్నాడు పూజకు వెళ్ళేసరికి నా పెట్టెల మీద రెండేసి గీతలే ఉన్నాయి. మూడోదాన్ని కప్పిన రంగు గార్డు గారి ఇంటి గేటుది. ఆకుపచ్చ. ఎర్రటి పెట్టె మీద ఆకుపచ్చ. గీత చెరిపినందుకన్నా ఆ రంగు వాడినందుకే నాకు కడుపు మండింది. యార్డులో నేను చెరిపిన గీత ఎక్కడుండేదో నాకే కనిపించేది కాదు. పూజ కాగానే బ్లేడుతో గీకి గీత బయటికి తీశాను. ఆదివారానికి మళ్ళీ ఆకుపచ్చ. మళ్ళీ గీకాను.

పండగ ముందురోజు పొద్దున ఫాదర్ గారు మా ఇద్దర్నీ పిలిపించారు. గీత తీయనని నేను, గీతుంటే తల్లి ఎక్కదని గార్డు గారు. ఫాదర్ గారు లేచి పాక దగ్గరికి వెళ్ళి, మరియతల్లి, యోసేపుల బొమ్మల్ని పెట్టెలోంచి దించారు. ఆమెను గాడిద మీద కూర్చోబెట్టి పట్టాల పక్కన నడిపించారు. ఖాళీ పెట్టెల్లో గొర్రెల కాపరుల్ని ఎక్కించారు. పట్టనివాళ్ళను ఫుట్‌బోర్డు మీద నిలబెట్టారు.

"వీళ్ళకు మూడో తరగతి పరవాలేదా?" అని గార్డు గారిని అడిగారు.

"వీళ్ళకేమండీ, బ్రహ్మాండంగా ఉంది. ఒక్కడు కిందికి వేలాడితే ఇంకా సహజంగా ఉండేది" అన్నారాయన.

నా గీత నాకు దక్కింది. పెట్టె పెట్టెకీ మూడు గీతలు తెల్లగా నిలబడ్డాయి. కాలనీ అంతా వచ్చి చూసి, కాపరుల రైలు అచ్చం మన రైల్లాగే ఉందని మెచ్చుకున్నారు. నిండు నెలల మనిషిని, ఎదురుగా రైలు పెట్టుకుని, గాడిద మీద ఎందుకు తీసుకువెళ్తున్నారని ఒక్కరూ అడగలేదు. గార్డు గారు అందరికీ వినబడేలా, ఇప్పుడు సరిపోయింది అన్నారు.

జనవరిలో ముగ్గురు రాజుల పండుగ దగ్గరపడింది. బాలయేసుకు కానుకలు పట్టుకుని తూర్పునుంచి రావలసిన ఆ ముగ్గురినీ కాపరులతో ఎక్కించడం కుదరదని గార్డు గారు ఫాదర్ గారి చేత నాకు కబురు పెట్టించారు. ఒక ఫస్టు క్లాసు పెట్టె చేసివ్వమన్నారు. మఖమల్ ఆయనే తెస్తారట.

చేయనన్నాను. రాజులు ముగ్గురూ బంగారం, సాంబ్రాణి, బోళం పట్టుకుని, పండుగ ముగిసేదాకా ప్లాట్‌ఫారం మీదే నిలబడి ఉన్నారు.