పన్నెండో గుడ్డ

మా బావను సైటులో అందరూ చీమ అంటారు. అసలు పేరుతో పిలిస్తే ఇంకెవరినో అనుకుని వెనక్కి చూస్తాడు. మనిషి అంత సన్నం. అక్క పెళ్లిలో మా పిన్ని ఆయన్ని చూసి, కుర్చీలో కోటొక్కటే ఉంది, పెళ్లికొడుకు ఏడీ అందట. ఆ మాట పట్టుకుని ఇరవై రెండేళ్లుగా నేనాయన్ని ఏడిపిస్తూనే ఉన్నాను. నేను ఆయనకు రెండింతలుంటాను. ఆయన ఎంత తిన్నా ఒంటికి పట్టదు, నాకు తిండిని చూస్తేనే పట్టేస్తుంది. మా అక్కకు మాత్రం ఆయన్ని ఎవరేమన్నా ఒళ్లు మండుతుంది, నేనన్నా సరే.

ఆ సన్నటి ఒళ్లే ఆయనకు అన్నం పెట్టింది. మా ఇద్దరిదీ ఒకటే కంపెనీ, కరెంటు సబ్‌స్టేషన్లు కట్టే కంపెనీ. నా పని గ్యాస్ నింపడం. ఆయన పని లోపలికి పోవడం.

లోపలికంటే ఎక్కడికో చెప్పాలి. పెద్ద కరెంటు లైన్లు ఊళ్లోకి వచ్చేచోట స్విచ్చులుంటాయి. చేసే పని మనింట్లో స్విచ్చు చేసేదే, కలపడం, విడదీయడం. కాకపోతే ఒక్కోటి లారీ అంత ఉంటుంది. వాటిని ఆరుబయట కడితే అడ్డం గాలే గనక, కరెంటు దూకకుండా ఐదారు మీటర్ల ఎడం వదలాలి. అలా వదులుకుంటూ పోతే ఆటస్థలమంత జాగా కావాలి. ఊరి నడుమ అంత జాగా ఎవడిస్తాడు? అందుకని కరెంటు పోయే గొట్టాన్ని ఒక అల్యూమినియం డ్రమ్ము నడిమధ్యన ఉంచి, చుట్టూ గాలికి బదులు ఒక గ్యాస్‌ను ఒత్తిడితో నింపుతారు. దాని పూర్తి పేరుకు నోరు తిరగడానికి నాకే ఏడాది పట్టింది, మేం ఉత్త గ్యాస్ అనే అంటాం. రంగు లేదు, వాసన లేదు, గాలికన్నా ఐదింతలు బరువు. అదుంటే ఐదారు మీటర్ల ఎడం మూరెడుకు తగ్గిపోతుంది. ఆటస్థలం ఒక హాల్లో సర్దుకుంటుంది. డ్రమ్మును భూమికి కలిపి ఉంచుతారు గనక, లోపల లక్షల వోల్టులు పోతున్నా పైన చెయ్యేసి నిలబడొచ్చు.

ఈ సుఖానికి ఒక్కటే షరతు, లోపల మకిలి ఉండకూడదు. కనురెప్ప వెంట్రుకంత లోహపు పొట్టు ఒక్కటున్నా, వోల్టేజి రాగానే లేచి నిలబడి ఎగరడం మొదలెడుతుంది. దాని కోసమే డ్రమ్ము అడుగున ఒక గాడి పెడతారు. అందులో పడితే ఇక లేవలేదు. పడకుండా పోయి ఇన్సులేటరుకు అంటుకుందా, దాని మీదుగా కరెంటు దారి చేసుకుంటుంది. ఇన్సులేటరంటే డ్రమ్ము చివర గరాటు ఆకారంలో ఉండే గట్టి గోడ. నడిమి గొట్టాన్ని మోసేదీ అదే, ఈ డ్రమ్ములో గ్యాస్ పక్క డ్రమ్ములోకి పోకుండా ఆపేదీ అదే.

మూత బిగించే ముందు ఒక మనిషి ఆ గొట్టం కింద వెల్లకిలా జరుగుతూ, నాలుగు మీటర్ల దూరం పోయి, చివరి గోడ దాకా తుడుచుకుని రావాలి. తిరగడానికి చోటుండదు, వచ్చేటప్పుడు కాళ్లే ముందు రావాలి. పోగు రాలని గుడ్డలు పన్నెండు ఇస్తాం, వాటికి నంబర్లుంటాయి. మొదటివి నల్లగా వస్తాయి, పోను పోను తెల్లబడతాయి. పన్నెండోది ఆ చివరి గోడను తుడిచి కూడా తెల్లగానే రావాలి. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, తుడిచినవాడూ బయట కాపలా ఉన్నవాడూ సంతకం చేస్తే ఫైలుకెక్కుతుంది. ఆ తరవాతే మూత. ఇరవై ఏళ్లలో బావ పన్నెండో గుడ్డ మీద మచ్చ ఎవరూ చూడలేదు.

భయం ఎప్పుడు మొదలైందో ఆయనకే తెలీదు. ఏ ప్రమాదమూ జరగలేదు, ఎవరూ చావలేదు. నలభై ఏడు దాటాక ఊరికే వచ్చి కూర్చుంది. స్నానాల గదికి గడియ పెట్టడం మానేశాడు. చలిలో కూడా కిటికీ తెరిచి పడుకుంటానని అక్కతో తగువు. వాళ్లుండేది ఐదో అంతస్తు. లిఫ్టు ఉండగా రెండు చేతులా కూరగాయల సంచులు మోసుకుంటూ మెట్లెక్కి వస్తున్నాడని, అక్క ఒకరోజు నన్ను వంటింట్లోకి పిలిచి చెప్పింది. ఆయనకేమైనా జబ్బా అని అడిగింది. చీమ కదా, గోడ ఎక్కకుండా మెట్లెక్కుతున్నాడు, సంతోషించు అన్నాను. అక్క నవ్వలేదు. నాకప్పుడైనా బుద్ధి రావలసింది.

ఆమధ్య కట్టిన సబ్‌స్టేషన్లో ఆఖరి డ్రమ్ము రోజున కాపలా నాదే. లోపలికి గాలి గొట్టం పెట్టాను, ఆక్సిజన్ మీటరు చూశాను, ఆయన చీలమండకు తాడు కట్టాను. మామూలుగా నలభై నిమిషాలు పట్టే పని. ఆరోజు పాతిక నిమిషాలకే పాదాలు కనబడ్డాయి. బావకు పని మీద చెయ్యి బాగా తిరిగిందనుకున్నాను. మొహం తెల్లగా పాలిపోయుంది, అది లైటు వల్లేమో అనుకున్నాను. పన్నెండో గుడ్డ మల్లెపూవులా ఉంది. మా ఇంజనీరు మేడమ్‌కు దాన్ని చూపించి, మా బావ తుడిస్తే అద్దమే అని గొప్పలు కూడా పోయాను. ఇద్దరం సంతకాలు పెట్టాం. మూత బిగించి, లోపలి గాలంతా పంపుతో లాగేసి, గ్యాస్ నింపేసరికి రెండు రోజులు గడిచాయి.

మర్నాడు హై వోల్టేజి పరీక్ష అనగా, మధ్యాహ్నం హాలు వెనక మెట్ల మీద అన్నానికి కూర్చున్నాం. బావ డబ్బా మూత తియ్యలేదు.

"నేను చివరిదాకా పోలేదు" అన్నాడు.

ఎక్కడికని అడిగాను.

"డ్రమ్ములో. సగం దాటాక ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టయింది. ఇక వేలెడు కూడా ముందుకు కదల్లేకపోయాను. ఇన్సులేటర్ని ముట్టుకోనేలేదు బావమరిదీ. పన్నెండో గుడ్డ మడత కూడా విప్పలేదు, అందుకే తెల్లగా ఉంది."

నాకసలే కోపం ముక్కు మీదుంటుంది. ఈ మాట రెండు రోజుల ముందు చెప్పడానికి నోరు పడిపోయిందా అని అరిచాను. మూత తియ్యాలంటే నింపిన గ్యాసంతా మళ్లీ యంత్రంతో సిలిండర్లలోకి లాక్కోవాలి, దాన్ని గాలిలోకి వదలకూడదు. నా పని మొత్తం మళ్లీ మొదటికి వస్తుంది. ఇంకోటి కూడా తోచింది, తోచాక అరవడం ఆపేశాను. చెబితే మూత తీస్తారు. తీస్తే లోపలికి పట్టే మనిషి ఈ సైటులో ఈయనొక్కడే. చెబితే ఆయనే మళ్లీ పోవాలి, చెప్పకపోతే లోపలున్నది లోపలే ఉంటుంది. అది ఆయనకు నాకన్నా ముందే తెలుసు. రెండు రోజులు నోరు పెగలకపోవడానికి కారణం అదే.

రేపు పరీక్ష ఉంది కదా, అదే తేలుస్తుంది అన్నాను. మకిలుంటే ఢామ్మంటుంది, అప్పుడు ఎలాగూ తీస్తారు, ఎవరూ మనల్ని అడగరు. వోల్టేజికి తట్టుకుని నిలబడితే గొడవే లేదు. బావ తన డబ్బా పక్కకు నెట్టాడు. నేను మాత్రం ఆయన డబ్బాలోది కూడా సగం తినేశాను, కంగారులో నాకు ఆకలెక్కువ.

డ్రమ్ము పరీక్షకు నిలబడింది. వోల్టేజి మెట్టు మెట్టుగా పెంచుతూ పోయారు, ఆఖరి మెట్టు మీద ఒక నిమిషం ఉంచారు. చప్పుడు లేదు. అందరూ చప్పట్లు కొట్టారు, నేను బావ వీపు మీద ఒక్కటి చరిచాను. ఆయన నావైపు చూసిన చూపులో కాస్త కూడా తేలిక లేదు. పొట్టు ఒక్కోసారి పరీక్షలో కదలదని, నెలలు పోయాక లేస్తుందని మా ఇద్దరికీ తెలుసు. తెలిసీ నేను చప్పట్లు కొట్టాను.

ఊరి లైనుకు కలిపి స్విచ్చు వేయడం రెండు రోజుల తరవాతకు పెట్టుకున్నారు. ఆ సాయంత్రం బావ నన్ను గేటు దగ్గర ఆపాడు.

"రెండు నెలలకో మూడు నెలలకో అది పేలిందనుకో. సగం ఊరికి కరెంటు పోతుంది" అన్నాడు. "అప్పుడు ఎన్ని లిఫ్టులు నడుమ ఆగిపోతాయో ఎప్పుడైనా ఆలోచించావా?"

నేను ఆలోచించలేదు. పేలితే ఎవరి ఉద్యోగం పోతుంది, ఎవరి సంతకం బయటికొస్తుంది, అక్కడికే నా బుర్ర ఆగిపోయింది.

"ఒక్కోదాంట్లో నలుగురైదుగురు" అన్నాడు. "తలుపు రాదు. లైటుండదు. ఎంతసేపో ఎవరూ చెప్పరు." ఆ మాటలంటుంటేనే ఆయన పైపెదవి మీద చెమట పట్టింది. నేను ఆపేలోగా మేడమ్ గదిలోకి వెళ్లిపోయాడు. వెనకే నేనూ వెళ్లాను.

ఉన్నదున్నట్టు చెప్పాడు. చివరి గోడ తుడవలేదని చెప్పాడు. లోపలికి పోతే ఊపిరాడడం లేదని, ఏడాదిగా ఇలాగే ఉందని, ఇక తనవల్ల కాదని కూడా చెప్పాడు. ఇంత పొడుగు మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. మేడమ్ కోప్పడలేదు. స్విచ్చు వేయడం ఆపమని ఫోన్ చేసింది. చెప్పి మంచి పని చేశారంది. తరవాత పెన్ను మూత పెట్టి నావైపు తిరిగింది.

"ఇంకో సైటు నుంచి సన్నటి మనిషిని పిలిపించగలను. పది రోజులు ఆలస్యమవుతుంది, నేను పైవాళ్లకు చెప్పుకుంటాను" అంది. "మీరు ఆయన ఇంటి మనిషి. నిజంగా అంత ఇబ్బందేనా? ఆయన వెళ్లగలరా, లేదా? మీరు చెప్పండి."

ఒక్క మాట చాలు. వెళ్లలేడు మేడమ్ అంటే సరిపోయేది. ఐదో అంతస్తు మెట్లు, గడియలేని స్నానాల గది, అన్నీ నాకు తెలుసు.

"వెళ్తాడు మేడమ్" అన్నాను. "అదేం లేదు. ఆరోజు వేడికి తల తిరిగిందంతే."

ఎందుకన్నానో చాలా రోజులు అక్క కోసమని సర్ది చెప్పుకున్నాను. లోపలికి పోలేని చీమను కంపెనీ ఏం చేసుకుంటుంది, ఇల్లెలా గడుస్తుంది అని. అది సగమే నిజం. మేడమ్ ముందు మా బావ పిరికివాడని ఒప్పుకోవడానికి నాకు సిగ్గేసింది. బావ నన్ను చూడలేదు. ఎదురుగా గోడనే చూస్తూ, సరే మేడమ్ అన్నాడు.

గ్యాస్ లాగేశాను. బరువైన గ్యాస్ గనక అడుగున నీళ్లలా నిలిచిపోయి గాలిని తోసేస్తుంది, అందుకని చాలాసేపు గాలి పట్టించాను. మీటరు మూడుసార్లు చూశాను. తాడు కట్టాను. బావ లోపలికి జరిగిపోయాడు. పిన్ని కోటు జోకు చెప్పాను, క్రికెట్ స్కోరు చెప్పాను, ఎంతైంది, ఎక్కడున్నావు అని అడిగాను. ఆ డ్రమ్ములోంచి ఊపిరి చప్పుడు మాత్రం వస్తోంది, కుక్క వగర్చినట్టు. మధ్యలో ఒకసారి అదీ ఆగింది. నేను తాడు లాగబోయాను. లోపలినుంచి మెల్లగా, లాగకు అన్నాడు.

గంటా పది నిమిషాలు పట్టింది. తొమ్మిదో గుడ్డ మీద చిన్న మెరుపు కనబడింది, వెంట్రుకంత అల్యూమినియం పొట్టు, ఇన్సులేటరు అంచునే ఉందట. మేడమ్ దాన్ని భూతద్దంలో చూసి కవర్లో పెట్టించింది. పన్నెండోది ఈసారి తుడిచే తెల్లగా వచ్చింది. బావ నేల మీద కూర్చుని ఉన్నాడు, బట్టలు పిండితే నీళ్లు కారేలా ఉన్నాయి. చుట్టూ అందరూ చీమను మెచ్చుకున్నారు. మేడమ్ తన పుస్తకంలో, లోపలి పనికి ఇతనికి ఏ ఇబ్బందీ లేదని నా మాట మీద రాసింది. సాక్షి సంతకం నన్ను పెట్టమంది. పెట్టాను. వచ్చే సైటులో ఏడు డ్రమ్ములు ఆయన పేరనే రాసింది.

ఆ రోజు ఆయన వెనకే ఐదంతస్తులూ ఎక్కాను. నాలుగో అంతస్తు దగ్గర నాకు ఆయాసమొచ్చి ఆగితే ఆయనా ఆగాడు.

"ఇరవై ఏళ్లలో ఒక్కసారి చెప్పుకున్నాను, బావమరిదీ" అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు. "ఇక చెప్పినా ఎవరూ నమ్మరు. నా మనిషే కాదన్నాడు."

మర్నాడు పొద్దున్నే వెళ్లి, అబద్ధం చెప్పానని మేడమ్‌తో అనేద్దామనుకున్నాను. అంటే సాక్షి సంతకం సంగతేమిటని అడుగుతుంది. అడిగితే ఏం చెప్పాలో ఆలోచించుకున్నాక వెళ్దామని ఆగాను. కొత్త సైటుకు వచ్చి రెండు నెలలైంది. ఏడింట్లో నాలుగు డ్రమ్ములు అయ్యాయి. ప్రతిసారీ తాడు ఆయన కాలికి నేనే కడతాను, ఆయన కాలు చాపుతాడు, ఏమీ అనడు. ఇక్కడా ఇంజనీరు ఆ మేడమే, ఆమె గది హాలుకు ఆనుకునే ఉంది. నేనింకా వెళ్లలేదు.