నీలంది నొక్కు

మా అక్క నన్ను ఫ్లెక్సీలోంచి కోయించిన సంగతి ముందు చెప్పాలి. మిగతాదంతా దాని తర్వాతే జరిగింది. దాన్ని వదిలేసి చెబితే తప్పంతా నా ఒక్కదానిదే అన్నట్టు కనిపిస్తుంది.

అమ్మ దినానికి అక్క అరకులో ఫ్లెక్సీ వేయించింది. అందులో వాడిన ఫోటో నా ఫోన్లోది. అమ్మను విశాఖపట్నం ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజు, అరకు స్టేషన్లో రైలు కోసం కూర్చున్నప్పుడు టీ అమ్మే ఆయన తీసిపెట్టాడు. అమ్మ సిమెంటు బల్ల మీద కూర్చుని ఉంది. నేను వెనక నిలబడి ఆమె ఎడమ భుజం మీద చెయ్యి వేశాను. ఆ రోజు బొర్రా దగ్గర సొరంగాలు మొదలైనప్పటి నుంచి కొండ దిగేదాకా అమ్మ ఆ చెయ్యి వదల్లేదు. ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉన్నది నేను. బెడ్ పాన్ మార్చింది నేను. అక్క ఒక్కసారి వచ్చి, వార్డులో వాసన వస్తోందని వరండాలో కూర్చుని, సాయంత్రం బండికి వెళ్లిపోయింది.

ఫ్లెక్సీలో అమ్మ ఒక్కతే ఉంది. చుట్టూ గులాబీలు. ఎడమ భుజం మీద మాత్రం నాలుగు వేళ్లు మిగిలాయి.

దినం నాడు పిన్ని ఆ ఫ్లెక్సీ ముందు నిలబడి, "ఆ ఏళ్లు ఎవురివే?" అని అడిగింది.

"ఏటో పిన్నీ, ఫ్లెక్సీ ఆయన సరిగ్గా కొయ్యనేదు," అంది అక్క.

నేను అక్కడే, పిన్ని విస్తట్లో అన్నం వడ్డిస్తున్నాను. గరిటె ఆపలేదు. కానీ మరిచిపోలేదు.

అదే రోజు మధ్యాహ్నం అక్క తన ఫోన్లో ఉన్న పాత వీడియో ఒకటి పెట్టి అందరికీ చూపించింది. నలభై సెకన్లు ఉంటుంది. అమ్మ అరుగు మీద కూర్చుని చోళ్లలో, అదే రాగుల్లో, రాళ్లు ఏరుతోంది. ఆసుపత్రి నుంచి వచ్చిన తర్వాతిది, గొంతు సన్నబడిపోయింది. ఫోన్ పట్టుకుని అక్క మా కొండ భాషలో అడుగుతుంది, నిన్నెవరు చూసుకుంటున్నారమ్మా అని. అమ్మ తలెత్తకుండానే అంటుంది, నువ్వే కదా, రెండోదానికి ఎండ పడదు, అది ఆఫీసు నీడలో కూర్చుంటుంది అని. తర్వాత తన మాటకు తనే నవ్వుకుంటుంది. ఆ నవ్వుతో వీడియో అయిపోతుంది.

అందరూ నవ్వారు. మళ్లీ పెట్టమన్నారు. అక్క మళ్లీ పెట్టింది. అమ్మ కదులుతూ, మాట్లాడుతూ ఉన్నది ఈ లోకంలో ఆ ఒక్క వీడియోలోనే. దాన్ని చూసినప్పుడల్లా అక్క ఏడ్చేది. నేను పదకొండు రోజులు లెక్కపెట్టుకునేదాన్ని.

ఇప్పుడు ఫోన్ల సంగతి. నేను మండలాఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌ని. అక్క కొండ మీద మా ఊళ్లోనే ఉంటుంది. కాఫీ, పసుపు, అల్లం పండిస్తుంది, శుక్రవారం సంతకు దిగి అమ్ముకుంటుంది. ఆమె ఫోన్ కొన్నది సంత వీధిలో, మైదానం నుంచి వచ్చి కొట్టు పెట్టుకున్న ఒక షావుకారు దగ్గర. ఫోన్ తెరవాలంటే మెయిల్ ఖాతా కావాలి. అక్కకి లేదు. కొత్తది తెరిచే ఓపిక షావుకారుకి లేదు. నాకు ఫోన్ చేసి, మీ అక్క ఫోన్‌కి ఒక ఓటీపీ చెప్పండి మేడమ్ అన్నాడు. చెప్పాను. అలా రెండు ఫోన్లూ నా ఖాతా మీదే నడిచాయి. ఆ వీధిలో కొన్న ఫోన్లలో సగం ఇలాగే ఉంటాయి, అన్నదమ్ములవీ తోటికోడళ్లవీ అన్నీ ఒకే ఖాతా మీద. అక్క తీసే ఫోటోలన్నీ, ఆమె సంతకు దిగి సిగ్నల్ తగలగానే, నా క్లౌడ్‌లోకి వచ్చి పడేవి. ఆమె మేకలు, ఆమె పిల్లలు, ఆమె అల్లం బుట్టలు. నేను అడగకుండానే ఆమె బతుకంతా నా దగ్గరికి వచ్చేది. నా ఆసుపత్రి ఫోటోలు ఆమె ఎప్పుడూ తెరిచి చూడలేదు.

షావుకారు ఆమెకు ఇంకొకటి కూడా నేర్పాడు. ఫోన్ ఇంగ్లీషులో ఉంటుంది. అక్క తెలుగే కూడబలుక్కుని చదువుతుంది. అందుకని, అది ఏది అడిగినా నీలం రంగుది నొక్కెయ్యమ్మా, పనైపోతుంది అన్నాడు. అక్క దాన్ని వేదంలా పట్టుకుంది.

అమ్మ పోయిన నాలుగో నెలలో క్లౌడ్ నిండిపోయింది. ఒక సోమవారం అక్క సిగ్నల్ వచ్చే బండ ఎక్కి నాకు ఫోన్ చేసింది.

"ఒలే చెల్లీ, షావుకారు సెప్పినాడు, నీ ఫోటోల్తోనే నిండిపోనాదంట. నీయి తీసీ. నా పిల్లలయి పట్టడం నేదు."

"ఏవి తియ్యమంటావు?"

"నాకేటి తెల్సు? అక్కర్లేనియి తీసీ. బేగి తీసీ."

సరే అన్నాను. ఆఫీసు భోజనాల వేళ కూర్చుని తీశాను. మొదట నావే. ఆసుపత్రి మంచం, సెలైన్ సీసా, అమ్మ పాదాలు, వార్డు కిటికీలోంచి కనిపించే నీళ్ల ట్యాంకు. స్టేషన్ ఫోటో కూడా, చెయ్యి మొత్తం ఉన్నది. అక్కర్లేనివి అంది కదా. అవి ఎవరికీ అక్కర్లేదు. తర్వాత ఆ వీడియో దగ్గర ఆగాను. చూడలేదు, ఆగానంతే. ఖాతా ఒక్కటే కాబట్టి తీస్తే నా దగ్గరా ఉండదని నాకు తెలుసు. కాపీ దింపుకోవచ్చనీ తెలుసు. దింపుకోలేదు. ఎండ పడనిదాన్ని కదా.

తీసేసింది చెత్తబుట్టలో అరవై రోజులు ఉంటుంది. ఈలోగా ఒక్క నొక్కుతో వెనక్కి తేవచ్చు. అక్క ఒక్క మాట అంటే తెద్దామనుకున్నాను. ఫ్లెక్సీ విషయంలో నీకు అన్యాయం చేశానే అంటే చాలు. ఆ మాట నేను అడిగి చెప్పించుకోకూడదు. తనంతట తను అనాలి.

శుక్రవారం మధ్యాహ్నం సంతకు వెళ్లాను. అక్క పసుపు కొమ్ములు పోసుకుని కూర్చుంది. పక్కన అల్లం అమ్మే ఒకామె. అక్క ఫోన్ నా ముందుకు చాపింది.

"ఇదేటో అడుగుతోందే. సూడు."

తెర మీద ఇంగ్లీషులో ఉంది: వేరే పరికరంలో తీసేసినవాటిని ఇక్కడ కూడా తీసెయ్యమంటారా అని. కింద రెండు బటన్లు. ఒకటి తెల్లది, ఒకటి నీలం. ఆ వీడియో అప్పటికి అక్క ఫోన్లో ఇంకా ఉంది. తెల్లది నొక్కితే ఉండిపోతుంది.

"ఏటి నొక్కాల?"

"షావుకారు ఏం చెప్పాడు?"

"ఏది అడిగినా నీలంది నొక్కీమన్నాడు."

"మరింకేం. నీలంది నొక్కు."

అక్క బొటనవేలికి అంటిన పసుపు చీరకు తుడుచుకుంది. అల్లం ఆమె నవ్వి, "మీ చెల్లి ఆఫీసరమ్మ కదే, నీ కాడ ఏలిముద్ర ఏయించుకుంతంది," అంది. అక్క కూడా నవ్వింది. నవ్వుతూనే నొక్కింది. నేను పావుకిలో అల్లం కొనుక్కుని ఆఫీసుకి వచ్చేశాను.

తర్వాతి శుక్రవారం అక్క సరుకు కూడా దించకుండా ఆఫీసు వరండాలోకి వచ్చింది.

"అమ్మ నేదే," అంది.

"ఎక్కడ?"

"ఫోన్లో. పిన్నికి సూపిద్దామని తీసీసరికి నేదు. ఎంత ఎతికినా నేదు."

ఇద్దరం షావుకారు కొట్టుకి వెళ్లాం. ఆయన గ్యాలరీ తెరిచి పైకీ కిందకీ జరిపాడు.

"డిలీట్ కొట్టావమ్మా నువ్వు. నేనేం చెయ్యను? పోయింది పోయినట్టే."

"నువ్వే నొక్కమన్నావు బాబూ."

"ఓకే నొక్కమన్నాను గానీ డిలీట్ నొక్కమన్నానా? సంతరోజు తల్లీ, కాస్త పక్కకి జరుగు, బేరాలున్నాయి."

ఫోటోల యాప్‌లో చెత్తబుట్ట బొమ్మ ఒకటి ఉంటుంది. ఆయన దాన్ని తెరవలేదు. నేను తెరవమనలేదు.

రోడ్డు మీదకు వచ్చాక అక్క బొటనవేలు నా ముందు పెట్టి, "నా సేత్తో నేనే నొక్కీసినానే చెల్లీ," అంది.

"అవును," అన్నాను.

ఆ మాటతో ఆమె ముఖం ఎలా అయ్యిందో నేను చూశాను. చూడ్డానికే అన్నాను.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం వచ్చేది. ఒకసారి గుమ్మడికాయ, ఒకసారి తేనె. ఏటైనా దారుంటే సూడే అనేది. తేనె తీసుకున్నాను. ఒకసారి, "మీ ఆఫీసు కంప్యూటర్లో ఏటైనా దొరుకుతాదేటే?" అని అడిగింది. ఆఫీసు కంప్యూటర్లో మన అమ్మ ఎందుకుంటుంది, నీ రేషన్ కార్డు ఉంటుంది అన్నాను. ఇంకోసారి వచ్చి, అమ్మ 'ఎండ' అన్నప్పుడు ఎలాగ అంటాది, నాకు గొంతు రావట్లేదే, నువ్వోసారి అను అంది. నాకు వస్తుంది. గుర్తులేదన్నాను.

ఆమె వెళ్లిపోయాక చెత్తబుట్ట తెరిచి చూసేదాన్ని. వీడియో మీద చిన్న బొమ్మలో అమ్మ నెత్తి, చోళ్ల చేట. మూలన ఇంకా ఎన్ని రోజులుందో అంకె. ఇరవై ఒకటి. పద్నాలుగు. ఏడు.

అరవయ్యో రోజు కూడా శుక్రవారమే పడింది. అక్క వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చుంది. ఆ రోజు ఏడవలేదు. నేను ఫోన్ చేతిలో పట్టుకునే ఉన్నాను. చెత్తబుట్ట తెరిచే ఉంది.

"ఫ్లెక్సీ అయినా ఉంది కదే," అంది. "కాఫీ ఎండేసుకోడానికి మావోడు పట్టుకెల్లిపోతే తిరిగి తెచ్చీసి, కడిగి గోడకి కట్టీసినాను. నీ ఏళ్లు కూడా ఉన్నాయి అందులో. అయి కూడా తుడిచెత్తానన్నాడు ఆ ఫ్లెక్సీ ఆయన. నేనే ఉండనీమన్నాను."

మరి పిన్ని అడిగినప్పుడు ఆయన సరిగ్గా కొయ్యలేదని ఎందుకన్నావు అని నా నోటిదాకా వచ్చింది. అడగలేదు. తక్కినది తనే చెబుతుందని ఆగాను. నా వేలు ఆ వీడియో మీదే ఉంది. ఒక్క మాట చాలు. వరండా ముందునుంచి ఒక జీపు పైన మనుషులతో సహా వెళ్లింది. అక్క దానివైపు చూసి, మళ్లీ నావైపు తిరిగింది.

"పోనీలే. ఇప్పుడు జాగా వొచ్చిందేటే? పిల్లలయి పడతాయేటి?"

"పడతాయి," అన్నాను. "కావలసినంత జాగా ఉంది."

ఫోన్ సొరుగులో పెట్టేసి అర్జీలు ఎక్కించుకోవడానికి కూర్చున్నాను. అక్క లేచి వెళ్లి తర్వాతి జీపు ఎక్కింది. మర్నాడు పొద్దున చెత్తబుట్ట ఖాళీగా ఉంది. వారం తిరక్కుండానే అక్క మేకలు వచ్చి ఆ జాగా నింపాయి.

అమ్మను చూడాలంటే ఇప్పుడు నేను కొండెక్కి అక్క ఇంటికి వెళ్లాలి. వెళ్లలేదు. వెళ్లను కూడా. ఇది అచ్చయినా అక్క చదవదు, ఇంత పొడుగుది కూడబలుక్కునే ఓపిక ఆమెకు లేదు. ఎవరైనా చదివి వినిపిస్తే మంచిదే. అప్పుడు ఆ నాలుగు వేళ్లు కూడా కోసేసుకోవచ్చు. ఆ పని ఆమెకు కొత్తది కాదు.